మూడేళ్ళ పిల్లని ఎక్కడ వేయాలి? అంగన్‌వాడీ, మాంటిసోరి, ప్లేస్కూల్, కాన్వెంట్ పోల్చి చూసుకోవడం ఎలా

సంక్రాంతి వెళ్ళిందంటే చాలు విజయనగరంలో కోట దగ్గర నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా ఏ కరెంటు స్తంభం చూసినా అడ్మిషన్స్ ఓపెన్ ఫ్లెక్సీలే, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో కూడా అదే పరిస్థితి. ఒకదాని మీద మాంటిసోరి అని ఉంటది, పక్కదాని మీద ప్లే వే అని, ఇంకోదాని మీద నర్సరీ నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని. ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉన్నవాళ్ళకి ఇందులో ఏది ఏంటో అర్థం కాక, చివరికి పక్కింటోళ్ళు ఎక్కడ వేశారో అక్కడే వేసేస్తారు. నేను చిన్నపిల్లలకి చెప్పే టీచర్ని, నన్ను అందరూ అడిగేది "ఏ మెథడ్ మంచిది మేడమ్" అని. బోర్డు మీద ఏ పేరుందన్నది కాదండి, ఆ గదిలో మీ పిల్ల చేతులు ఏం చేస్తాయి, నోరు ఏం మాట్లాడుద్ది, అది చూడాలి. అది ఎలా చూడాలో వరసగా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు వయసు లెక్క

2020 జాతీయ విద్యా విధానం ప్రకారం 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఒకే దశ, ఫౌండేషనల్ స్టేజ్ అంటారు, అందులో మొదటి మూడేళ్ళు ప్రీస్కూల్ లేదా అంగన్‌వాడీ, తర్వాత రెండేళ్ళు ఒకటి, రెండు తరగతులు. ఒకటో తరగతికి 6 నిండాలి. అక్కడ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. రెండున్నరకే నర్సరీలో వేసేస్తే ఒకటో తరగతి టైముకి వయసు చాలక యూకేజీ రెండోసారి చదివించాల్సి వస్తది, ఒక ఏడాది ఫీజు దండగ. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉంటే మూడు నిండేదాకా ఆగండి, కొంపలేం మునిగిపోవు.

ఏ పద్ధతిలో పిల్లలు నిజంగా ఏం చేస్తారో తెలుసుకోండి

మాంటిసోరితో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువగా వాడేసిన పేరు అదే. మరియా మాంటిసోరి ఇటలీ డాక్టర్. 1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదల పేటలో, తల్లిదండ్రులు పనికెళ్తే ఇంటి దగ్గర ఉండిపోయే పిల్లల కోసం మొదటి బడి పెట్టారు. అవును, పేదపిల్లల కోసమే, ఇవాళ మన దగ్గర ఎక్కువ ఫీజు బడికి ఆ పేరు పెడుతున్నారు గానీ. అసలు మాంటిసోరి గదిలో మూడేళ్ళోళ్ళు, నాలుగేళ్ళోళ్ళు, ఐదేళ్ళోళ్ళు కలిసి ఉంటారు, వస్తువులు పిల్లల ఎత్తులో అరల మీద ఉంటాయి, ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుని చాప మీద పెట్టుకుని పని చేసుకుని మళ్ళీ తెచ్చి అక్కడే పెడతారు. పింక్ టవర్ అని 10 చెక్క ఘనాలుంటాయి, ఒక సెంటీమీటర్ నుంచి పది సెంటీమీటర్ల దాకా, తప్పు పేర్చితే చూడగానే పిల్లకే తెలిసిపోద్ది, టీచర్ "తప్పు" అనాల్సిన పని లేదు. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు తిప్పుతారు, నీళ్ళు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒలక్కుండా పోస్తారు, బొత్తాలు పెట్టుకుంటారు. రెండు మూడు గంటలు ఎవరూ గంట కొట్టి ఆపరు. ఇది లేకుండా గోడ మీద ఆవిడ ఫోటో, అద్దాల బీరువాలో తాళం వేసిన సామాను ఉంటే అది మాంటిసోరి కాదు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, పట్టుకునే చట్టం ఏదీ లేదు, కాబట్టి టీచర్‌కి మాంటిసోరి డిప్లొమా ఉందా, ఎక్కడ చేశారు అని మొహమాటపడకుండా అడగండి.

అమెరికాలో మిల్వాకీలో లాటరీలో సీటు వచ్చిన పిల్లల్ని, రాని పిల్లల్ని పోల్చి 2006లో ఒక పరిశోధన వచ్చింది, ఐదేళ్ళ వయసులో మాంటిసోరి పిల్లలు చదవడంలో, లెక్కల్లో, తోటి పిల్లలతో మసులుకోవడంలో కూడా ముందున్నారు. తర్వాత 2012లో అదే పరిశోధకురాలు ఇంకోటి చూశారు, పద్ధతిని సరిగ్గా పాటించిన చోట పిల్లలు బాగా ముందుకెళ్ళారు, మామూలు వర్క్‌షీట్లు కలిపేసిన చోట ఆ లాభం అంతగా కనపడలేదు. అందుకే బోర్డు కాదు గది చూడమని నేను పట్టు పడుతున్నది.

ఇప్పుడు అంగన్‌వాడీ. చాలామంది దీన్ని పోలికలోకే తీసుకురారు, "అది పప్పు గుడ్డు కోసం" అనేస్తారు. కాస్త వినండి. గుజరాత్ భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకా అనే వకీలు మాంటిసోరి పుస్తకాలు చదివి వకీలు పని మానేసి 1920లో బాల మందిరం పెట్టారు, విదేశీ సామాను ఒక్కటే పెట్టుకోకుండా మన కథలు, పాటలు, ఆటలు, నాటకాలు కలిపారు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్ తర్వాత మహారాష్ట్ర కోస్‌బాడ్‌లో గిరిజన పిల్లల మధ్య పనిచేశారు, అనుతాయి వాఘ్ కూడా తోడున్నారు, పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ఇంటి వాకిట్లోకి వెళ్ళాలి అన్నారు. అదే అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న కేంద్రం ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) అనే పథకం 33 బ్లాకుల్లో మొదలుపెట్టినప్పుడు ఆ పేరే తీసుకుంది. అంటే మీ వీధి చివర సెంటర్ ఆ ఖరీదైన మాంటిసోరికి మనవరాలే. మాంటిసోరి కూడా 1939లో మద్రాస్ అడయార్ వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి ఇండియాలోనే ఉండిపోయారు, మన టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు.

అంగన్‌వాడీలో మంచి ఏంటంటే నడిచి వెళ్ళే దూరం, ఇంటి భాష, గుడ్డు, పాలు, మధ్యాహ్నం భోజనం, నెలనెలా బరువు చూడటం, టీకాలు గుర్తు చేయడం. ఇన్ని కలిపి ఏ ప్రైవేటు ప్లేస్కూలూ ఇవ్వదు. ఇబ్బంది కూడా దాచను, టీచరమ్మ ఒక్కతే గర్భిణీలు, బాలింతలు, రిజిస్టర్లు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్, సర్వేలు అన్నీ చూడాలి, ఆటపాటలకి దొరికే టైము తగ్గిపోద్ది. కొన్ని సెంటర్లు ఒక్క అద్దె గదిలో నడుస్తాయి, గది సగం బియ్యం బస్తాలే. కానీ కొన్ని చోట్ల టీచరమ్మ, ఆయా ఇద్దరూ ప్రాణం పెట్టి నడుపుతారు, అలాంటిది మీ వీధిలో ఉంటే వదులుకోకండి. అది వెళ్ళి చూస్తేనే తెలుస్తది.

ప్లే వే, కిండర్‌గార్టెన్ అనేవి 1837లో జర్మనీలో ఫ్రోబెల్ మొదలుపెట్టిన ఆలోచన నుంచి వచ్చాయి, చెక్క బిళ్ళలు, పాటలు, తోటపని, ఆటే చదువు. మన కొత్త జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం, 2022లో ఫౌండేషనల్ స్టేజ్‌కి వచ్చింది, అది కూడా ఆటే ముఖ్యం అంటది. మన ఊళ్ళలో ప్లే వే అని రాసుకున్న చాలా చోట్ల ఆట అరగంట, కాపీ రాయించడం రెండు గంటలు.

రెజియో ఎమీలియా ఇటలీలో ఒక ఊరు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి తల్లిదండ్రులు, లోరిస్ మలగూజీ అనే టీచర్ కలిసి కట్టుకున్న పద్ధతి. పిల్లలకి ఏది ఆసక్తి పుడితే దాని చుట్టూ రోజుల తరబడి పని చేస్తారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే పైడితల్లమ్మ పండగ అయ్యాక పిల్లలు సిరిమాను గురించే మాట్లాడుతున్నారనుకోండి, టీచర్ దాన్ని ఆపి "ఏ ఫర్ ఆపిల్" అనకుండా అంత పొడుగు చింతమాను ఎక్కడిది, పూజారి గారు పైన ఎలా కూర్చున్నారు, కింద బండి ఎలా లాగుతారు అని అడుగుతూ బంకమట్టి, పుల్లలు, తాడు ఇచ్చి పిల్లల చేతే సిరిమాను కట్టిస్తారు, వాళ్ళు అన్న మాటలు రాసి బొమ్మల పక్కన గోడకి పెడతారు. దీనికి డబ్బు కన్నా వినే టీచర్ కావాలి.

వాల్డార్ఫ్ 1919లో జర్మనీ స్టట్‌గార్ట్‌లో రుడాల్ఫ్ స్టైనర్ మొదలుపెట్టారు, సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం. కథలు, పాటలు, చేతిపని, ప్లాస్టిక్ కాకుండా చెక్క గుడ్డ బొమ్మలు, సుమారు ఏడేళ్ళ దాకా అక్షరాల పాఠం లేదు. హైదరాబాద్‌లో ఉన్నాయి. నాకు ఇష్టమైన పద్ధతే గానీ అక్షరం ముట్టకుండా ఆరేళ్ళు గడిపి మన దగ్గర మామూలు ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఇబ్బంది పడుద్ది, మొత్తం బడి చదువు ఆ పద్ధతిలోనే సాగే ఊళ్ళో ఉంటేనే అది సరిపోద్ది.

ఇక మనం కాన్వెంట్ అని పిలుచుకునేది. నాలుగు గీతల పుస్తకం, కర్సివ్, వంద దాకా అంకెలు, హోంవర్క్, మూడున్నరేళ్ళకే పరీక్ష. టీచర్ చెప్పాలి, పిల్లలు తిరిగి చెప్పాలి. దీని గురించి ఒక పాత పోలిక తప్పకుండా చెప్పాలి. అమెరికా మిచిగన్‌లో ఇప్సిలాంటీ అనే ఊళ్ళో 1967లో 68 మంది పేద పిల్లల్ని మూడు గుంపులుగా చేశారు, ఒక గుంపుకి టీచర్ చెప్పించి వల్లె వేయించే పాఠాలు, రెండో గుంపు పిల్లలే ఏం చేయాలో అనుకుని చేసి తర్వాత దాని గురించి మాట్లాడే హైస్కోప్ పద్ధతి, మూడోది మామూలు ఆటల నర్సరీ. మొదట్లో మూడు గుంపుల తెలివి పరీక్షల మార్కులూ ఇంచుమించు ఒకేలా పెరిగాయి, అక్కడికి అందరూ ఖుషీ. కానీ 23 ఏళ్ళ వయసుకి చూస్తే వల్లె వేసిన గుంపులో పోలీసు కేసులు, మానసిక ఇబ్బందులు మిగతా రెండు గుంపుల కన్నా ఎక్కువ కనపడ్డాయి. చిన్న స్టడీ, మొత్తం భారం దాని మీదే వేయలేం, మన కాన్వెంట్‌లో చదివినవాళ్ళు పాడైపోతారని కూడా కాదు. కానీ ముందుగా రాయించడం వల్ల పిల్ల ముందుకెళ్ళిపోతుంది అనే మాటకి మాత్రం ఇందులో ఆధారం దొరకదు.

వెళ్ళి చూడండి, ఫోన్‌లో కాదు

అడ్మిషన్ మేళా రోజు వద్దు, బెలూన్లు కట్టి ఉంటాయి. మామూలు మంగళవారమో బుధవారమో పొద్దున్న పది గంటలకి వెళ్ళండి. క్లాసు కిటికీ దగ్గర అరగంట నిలబడనివ్వమని అడగండి, ససేమిరా అంటే ఇంకో బడి చూసుకోండి.

పిల్లల చేతుల వంక చూడండి. మట్టి, పూసలు, బిళ్ళలు, నీళ్ళు, కాగితం ఏదో ఒకటి చేతిలో ఉందా, లేక చేతులు కట్టుకుని కూర్చున్నారా. మూడేళ్ళ పిల్ల వేళ్ళలో ఇంకా పట్టు రాదు, పెన్సిల్ కన్నా ముందు పిండి నలపడం, కాగితం చింపడం, పూలు గుచ్చడం కావాలి. తర్వాత ఎవరి గొంతు ఎక్కువ వినపడుతోందో గమనించండి, టీచర్ ఒక్కరిదేనా పిల్లలదా, టీచర్ పిల్లతో మాట్లాడేటప్పుడు కిందకి వంగి కళ్ళలోకి చూసి మాట్లాడుతోందా లేక పైనుంచి కేకేస్తోందా. గోడ మీద బొమ్మలు చూడండి, ముప్పై ఆపిల్స్ అన్నీ ఒకే ఎరుపులో గీత దాటకుండా ఉంటే అవి టీచర్ వేసినవి. ఒక్కొక్కటి ఒక్కోలా వంకరటింకరగా ఉంటే సంతోషించండి. బాత్రూమ్ తప్పనిసరిగా చూడండి, పిల్ల తనంతట తాను వెళ్ళగలదా, ఆయా ఎవరు. ఒక టీచర్‌కి 20 మంది కన్నా ఎక్కువుంటే వద్దు, చిన్నపిల్లల సంరక్షణ, చదువు మీద 2013లో వచ్చిన జాతీయ విధానంలో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకి చెప్పిన లెక్క అదే, మూడేళ్ళ లోపు అయితే 10 మందికి ఒకరు.

ప్రిన్సిపాల్‌తో కన్నా క్లాసు టీచర్‌తో మాట్లాడండి. "ఇవాళ పొద్దున్న పిల్లలు ఏం చేశారండి?" అని అడగండి. "ఫలానా బాబు చీమల వెనక పడ్డాడు, అందరూ బయటికెళ్ళి చీమల పుట్ట చూశాం" అందనుకోండి, ఆ బడిని గుర్తు పెట్టుకోండి. "ఇ, ఎఫ్, జి అయిపోయాయి" అంటే మీకు అర్థమైపోయినట్టే. ఏడ్చే పిల్లని ఏం చేస్తారో అడగండి. ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నారో అడగండి, ఏడాదికోసారి టీచర్లు మారిపోయే చోట ఏ పద్ధతీ నిలబడదు.

అంగన్‌వాడీకైనా ఇదే పరీక్ష, తక్కువ చేయకండి ఎక్కువ చేయకండి. పదకొండుకి వెళ్ళండి, పిల్లలు ఎంతమంది నిజంగా ఉన్నారు, ప్రీస్కూల్ కిట్ బయట ఉందా పెట్టెలో ఉందా చూడండి, "మా పిల్లని పంపిస్తానమ్మా, పొద్దున్న ఒక గంట ఆటపాట జరుగుద్దా?" అని టీచరమ్మని మర్యాదగా అడగండి. నలుగురు తల్లులు కలిసి అడిగితే జరిగే అవకాశం ఎక్కువ.

భాష సంగతి

ఇది నాకు గుండెకి దగ్గరైన విషయం. మన పిల్లలు "ఏటి", "బేగి రా", "అప్పా" అని ఇంట్లో వినే మాటలతో బడికొస్తారు. ఆ మాట విని టీచర్ నవ్వినా, తెలుగు మాట్లాడితే ఫైన్ అన్నా, ఆ పిల్ల నోరు మూసుకుపోద్ది, నోరు మూసుకున్న పిల్లకి ఏ మెథడూ పనిచేయదు. ఇంగ్లిష్ వద్దనడం లేదు, పాటలతో కథలతో రానివ్వండి, కానీ ఐదేళ్ళ దాకా ఆలోచించడం, అడగడం, అలగడం ఇంటి భాషలో జరగాలి. మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో టీచర్‌గా ఉన్నప్పుడు సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తానే సవర నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. వందేళ్ళు దాటిపోయింది, జాతీయ విద్యా విధానం ఇప్పుడు అదే మాట చెప్తోంది. మందస, మెళియాపుట్టి కొండల వైపు సవర ఇళ్ళ పిల్లలకి, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళ పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం, ఆ సెంటర్‌లో టీచరమ్మకో ఆయాకో పిల్ల భాష వచ్చా అన్నదే మీ మొదటి ప్రశ్న అవ్వాలి.

చేర్చే ముందు ఒక వారం ఇంట్లో చేసి చూడండి

మీ పిల్లకి ఏది నప్పుతుందో తెలియాలంటే ఇది మంచి దారి, ఖర్చు ఏమీ లేదు. ఒక రోజు రెండు చిన్న గ్లాసులు, కొంచెం నీళ్ళు, ఒక గుడ్డ ఇచ్చి పోసుకోనివ్వండి, ఒలికితే తనే తుడవాలి. ఒక రోజు చింతపిక్కలు ఇచ్చి పెద్దవి ఒకచోట చిన్నవి ఒకచోట వేరు చేయమనండి, అయిదేసి కుప్పలు పెట్టమనండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి పక్కనే కూర్చోండి, జీడిపిక్కలు మాత్రం వద్దు, పెద్దపిల్లలు ఆడుకుంటారు గానీ పెంకులో జీడి తగిలితే లేత చర్మం పొక్కిపోద్ది. ఇంకో రోజు కథ చెప్పి మధ్యలో ఆపి "తర్వాత ఏమైంది?" అని తననే చెప్పనివ్వండి. ఇంకో రోజు ఏమీ చెప్పకుండా వాకిట్లో వదిలేసి చూడండి. వస్తువుతో ఒంటరిగా చాలాసేపు పనిచేసుకునే పిల్లకి మాంటిసోరి గది హాయిగా ఉంటది, నలుగురిని పోగేసి బొమ్మలాట మొదలుపెట్టే పిల్లకి ఆటల బడి. ఎక్కువమంది పిల్లల్లో రెండూ ఉంటాయి, అప్పుడు మంచి టీచర్ ఎక్కడుంటే అక్కడ.

దూరం, డబ్బు

ఫీజు ఒక్కటే చూడకండి, వ్యాన్, పుస్తకాలు, యూనిఫాం, యాన్యువల్ డే డ్రెస్సు అన్నీ కలిపి ఏడాది మొత్తం రాసుకోండి. మూడేళ్ళ పిల్ల వ్యాన్‌లో ముప్పావుగంట కూర్చోవాల్సిన బడి ఎంత గొప్పదైనా నా లిస్టులో కిందకే పోద్ది, జూన్ ఎండల్లో ఆ వ్యాన్ ఎలా ఉంటదో మీకు తెలుసు. నన్నడిగితే మన రెండు జిల్లాల్లో చాలా ఇళ్ళకి సరిపోయేది ఇది: నడిచి వెళ్ళే దూరంలో, కొట్టని, రాయించని, మాట్లాడనిచ్చే చోటు, అంగన్‌వాడీ అయినా సరే చిన్న ప్లేస్కూల్ అయినా సరే, మిగతాది ఇంట్లో సాయంత్రం గంట మీరు. ఆ మిగిలిన డబ్బు బొమ్మల కథల పుస్తకాలకి పెట్టండి.

చేర్చాక

మొదటి రెండు మూడు వారాలు ఏడుస్తారు, అది మామూలే, చెప్పకుండా జారుకోకండి, "అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి ఆ టైముకి రండి. నెల దాటాక కూడా రాత్రి పక్క తడపడం, బడి పేరెత్తితే కడుపునొప్పి, మాట తగ్గిపోవడం ఉంటే టీచర్‌తో మాట్లాడండి, మారకపోతే ఏడాది మధ్యలో అయినా తీసేయండి, మూడేళ్ళ పిల్లకి పోయే సిలబస్ ఏమీ లేదు. సాయంత్రం "ఏం రాశావ్" అని కాకుండా "ఎవరితో ఆడుకున్నావ్, ఎవరు ఏడ్చారు, ఏం తిన్నావ్" అని అడగండి, బడి సంగతంతా అందులోనే బయటపడుద్ది.

ఇంట్లో పెద్దవాళ్ళు "పక్కింటోడు ఏబీసీడీ రాసేస్తున్నాడు, మనోడికి పెన్సిల్ పట్టడం రాదు" అంటారు. వాళ్ళతో గొడవ వద్దు, వాళ్ళకి కూడా పని ఇవ్వండి. తాతగారిని రోజూ ఒక కథ చెప్పమనండి, నాన్నమ్మని ముగ్గు వేసేటప్పుడు పిల్ల చేతికి కూడా కాస్త పిండి ఇచ్చి చుక్కలు పెట్టించమనండి. అయిదు దాటాక పిల్లే తన పేరు ఎలా రాయాలని అడుగుద్ది, అప్పుడు పేరులో అక్షరాలతోనే మొదలుపెట్టండి, అ ఆ ల వరస తర్వాత వస్తది.

అంగన్‌వాడీ అనుకుంటే జూన్ దాకా ఆగక్కర్లేదు, ఏ నెలలోనైనా పేరు రాయించుకోవచ్చు, పిల్ల పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, టీకాల కార్డు తీసుకుని రేపు పొద్దున్నే ఒకసారి టీచరమ్మని కలవండి. ప్రైవేటు అయితే అడ్మిషన్ డబ్బు కట్టేముందు, మధ్యలో మానిపిస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.